బల్మూరు బడికి మార్కులు వేయడానికి వెళ్ళాం

నాయకత్వ లక్షణాలు మనిషికి పుట్టుకతో రావనీ, మూడు రోజులు జీపులో కుదిపితే వస్తాయనీ మా విద్యా కార్యాలయం వారి నమ్మకం. ఆ నమ్మకం ప్రకారం కిందటి నవంబరులో కథోలిక హైస్కూళ్ళ హెడ్మాస్టర్లం ముగ్గురం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు తిరిగి వచ్చాం. అటు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అక్కడి వాళ్ళు చదివితే నన్ను క్షమించాలి.

ముగ్గురిలో మొదటివారు ఫాదర్ జోజప్ప. గుంటూరు వైపు పెద్ద బడికి ప్రిన్సిపాలు, ఈ యాత్రకు నాయకుడు. ఆయన సంచిలో జపమాల అడుగున ఉంటుంది, ల్యాప్‌టాప్ పైన ఉంటుంది. రెండోవారు బాలశౌరి మాస్టారు. వచ్చే ఏడు రిటైరవుతారు. ఏ బండి ఎక్కినా రెండో మలుపు తిరిగేలోపు నిద్రపోతారు, లేచిన వెంటనే తమ బడిలో పదో తరగతి ఫలితాలు నూటికి నూరు అని చెబుతారు. మూడోదాన్ని నేను, సుగుణను. ఏలూరు దగ్గర ఒక చర్చి విచారణ బడికి ఆరేళ్ళుగా హెడ్మిస్ట్రెస్‌ని, అంతకుముందు పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. నేను సన్యాసినిని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా మూడు రోజులూ టీ కొట్ల దగ్గర అందరూ నన్ను "సిస్టరమ్మా" అనే పిలిచారు. మొదటి రోజు సరిదిద్దాను, రెండో రోజు మానేశాను.

మా పని ఏమిటంటే, దారిలో మూడు బడులు చూసి ఒక్కోదానికి "సోదర పరిశీలన పత్రం" నింపాలి. తనిఖీ అనకూడదు. అంటే ఫాదర్ నొచ్చుకుంటారు. "మనం తప్పులు వెతకడానికి పోవడం లేదమ్మా, సహవాసానికి పోతున్నాం," అన్నారు. సహవాసం బాగానే ఉంది గానీ, మూడో బడి సంగతి మా ముగ్గురికీ తెలుసు. బల్మూరులోని చిన్న హైస్కూల్లో పిల్లలు తక్కువ, లెక్కల టీచరు లేరు. వచ్చే జూన్ నుంచి అక్కడి పదో తరగతి ఎత్తేసి, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాగర్‌కర్నూలు బడిలో కలిపేయాలని ఆఫీసు ఆలోచన. ఎత్తేయాలా, ఉంచాలా అన్నది మా పత్రం మీద ముగ్గురి సంతకాలను బట్టి తేలుతుంది.

గద్వాల: నూలుతో సహవాసం

రైలు దిగేసరికి జీపు డ్రైవరు ఆంజనేయులు సిద్ధంగా ఉన్నాడు. ముందు టిఫినుకు తీసుకువెళ్ళాడు. మా వైపు మరమరాలు పిల్లలు సాయంత్రం నమిలే చిరుతిండి. ఇక్కడ వాటిని నానబెట్టి, పోపు వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి, ఉగ్గాని అని పేరు పెట్టి పొద్దున్నే తింటారు. ప్లేటు ముప్పై రూపాయలు. కొట్టు యజమాని రాయచూరు నుంచి వచ్చినవాళ్ళను "బర్రి, కూడ్రి" అని కన్నడంలో కూర్చోబెడుతున్నాడు, మమ్మల్ని చేతి సైగతో కూర్చోబెట్టాడు. నాయకులు గనుక ఫాదర్ బజ్జీని ఒక్క ముద్దగా నోట్లో వేసుకున్నారు. తరువాత పది నిమిషాలు ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"గది మా మానవపాడు దిక్కు మిరపకాయ, ఫాదర్ సారూ," అన్నాడు ఆంజనేయులు నీళ్ళ గ్లాసు అందిస్తూ. "జర కొరికి సూడాలె. ఒక్కపారే మింగుతరా ఎవరన్న?"

బడిలో బ్యాండుతో స్వాగతం అయింది. తలకో శాలువా కప్పారు. తరువాత అక్కడి టీచర్లతో కలిపి మాకు శిక్షణ మొదలైంది. ఫాదర్ ఒక నూలు ఉండ తెప్పించారు. అందరం గుండ్రంగా నిలబడి, ఒకరు పోగు కొస పట్టుకుని ఉండను ఇంకొకరికి విసరాలి, వాళ్ళు ఒక పోగు పట్టుకుని మరొకరికి విసరాలి. చివరికి మధ్యలో వల తయారవుతుంది. "ఇదే మన సమాజం! ఒక్కరు వదిలినా తెగిపోతుంది!" అన్నారు ఫాదర్. అందరం చప్పట్లు కొట్టబోయాం గానీ చేతులు ఖాళీగా లేవు.

ఆ నూలు పక్కింటి నేతగత్తె లక్ష్మమ్మది. గద్వాలలో నూలుకేం కొదవ అని అడిగి తెచ్చారు. ఆవిడ తిరిగి తీసుకుందామని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంది సారూ గిది? దినమంత కూసుని సుట్టిన నూలు. గిట్ల చిక్కు జేస్తే మగ్గం మీదికి ఎట్ల ఎక్కుతది?"

ఫాదర్ సమాజం గురించి చెప్పబోయారు. ఆవిడ వినలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి మధ్యలో కూర్చుంది. "నువ్వు గీ పోగు పట్టుకో సిస్టరమ్మా. గుంజకు. ఆ సారు ఒదిలినంక నువ్వు ఒదులు. నిద్రపోతున్న సారూ, జర చెయ్యి ఎత్తు." గంటసేపు హెడ్మాస్టర్లం, టీచర్లం ఆమె చెప్పినట్టు వంగి, లేచి, ఒకరి పోగు ఇంకొకరికి అందించి, ఉండను ఉండగా అప్పగించాం. ఫాదర్ తన షెడ్యూలులో ఆ గంటను "టీ విరామం" అని రాసుకున్నారు.

పోతూ పోతూ ఆవిడ ఇంట్లో మగ్గం మీది చీర చూశాను. నూలు ఒళ్ళు, పట్టు అంచు. ధర అడిగి, ముట్టుకున్న చేతిని మర్యాదగా వెనక్కి తీసుకున్నాను.

పత్రంలో పది గడులు ఉన్నాయి. మొదటి గడి "అతిథులకు స్వాగతం, క్రమశిక్షణ." గద్వాలకు పదికి పది వేశాం. శాలువాలు మంచివి.

వనపర్తి: పదికి పది

దారిలో జూరాల ప్రాజెక్టు దగ్గర ఆగి వేయించిన చేప తిన్నాం. గోదావరి చేపలు తిని పెరిగినదాన్ని కాబట్టి మెచ్చుకోకూడదనే గట్టి పట్టుదలతో కూర్చుని రెండు ముక్కలు ఎక్కువ తిన్నాను. రోడ్డు పక్కన పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. బాలశౌరి మాస్టారు లేచి, చేల వైపు చూసి, "మా బడిలో నూటికి నూరు" అని మళ్ళీ నిద్రపోయారు.

వనపర్తి బడిలో స్వాగతం గద్వాలను మించింది. గేటు నుంచి మెట్ల దాకా రెండు వరసల పిల్లలు, పూలు, పాట, ఆపైన జానపద నృత్యం, దాని మీద ఇంకో నృత్యం. తరగతి గదుల్లో ఎవరూ లేరు, అందరూ మా మీద పూలు చల్లుతున్నారు. నృత్యం చేసిన ఒక పాపను ఎన్ని రోజులు నేర్చుకున్నారని అడిగాను.

"ఎనిమిది దినాలు మ్యాడం. లెక్కల పీరియడ్ల నేర్పిచ్చిండ్రు."

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. కిందటేడు మా బిషప్పు, పీఠాధిపతి గారు, మా బడికి వచ్చినప్పుడు నేను తొమ్మిది రోజులు నేర్పించాను. నావి కూడా లెక్కల పీరియడ్లే. నా సబ్జెక్టు కదా, ఆ పీరియడ్లు తీసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. వనపర్తికి కూడా పదికి పది వేశాం.

మర్నాడు పొద్దున నాగర్‌కర్నూలు వెళ్తూ దారి మళ్ళించి ఖిల్లా ఘణపూర్ కోట ఎక్కాం. ఎత్తు మీద నిలబడితే నాయకులకు దూరదృష్టి వస్తుందని ఫాదర్ అభిప్రాయం. నాకు ఆయాసం వచ్చింది. బాలశౌరి మాస్టారి చెప్పు తెగింది. కింద సీతాఫలాలు అమ్ముతున్న ముసలామె ఆయన చెప్పును పురికొసతో కట్టిచ్చింది. గంప నూట ఇరవై అన్నది, వందకు ఇచ్చింది. కట్టిస్తూనే విచారణ చేసింది.

"ఏ ఊరు మీది? పంతుళ్ళ లెక్క ఉన్నరు. బడి నడిచే దినం గిక్కడ తిరుగుతుండ్రేంది?"

"మేం హెడ్మాస్టర్లమమ్మా. ట్రైనింగుకు వచ్చాం," అన్నాను.

"పెద్దసార్లకు సుత ట్రైనింగా? అయితే ఆడ పిల్లలకు ఎవరు జెప్తుండ్రు?"

ఫాదర్ ఫొటో తీస్తున్నారు గనుక వినిపించుకోలేదు. నేను సీతాఫలం గింజలు ఉమ్మడంలో మునిగిపోయాను.

నాగర్‌కర్నూలు: రేపటి తేదీ

సాయంత్రం నాగర్‌కర్నూలు బడిలో దిగాం. బల్మూరు పదో తరగతి పిల్లలను ఇక్కడికే తేవాలనుకుంటున్నారు. కొత్త హాస్టలు చూపించారు. నేల మీది పలకలు మెరుస్తున్నాయి, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి, ప్రతి మంచానికీ నంబరు ఉంది. నాకు నచ్చింది. పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి అనిపించింది.

భోజనానికి ముందు ఫాదర్ మర్నాటి పత్రం అచ్చు తీయించారు. పది గడులూ ఖాళీగానే ఉన్నాయి. కింద చివరి పేరా మాత్రం నిండి ఉంది: "పై పరిశీలన ఆధారంగా పదో తరగతి విలీనానికి ఏకగ్రీవంగా సిఫారసు చేస్తున్నాం." తేదీ రేపటిది.

"ఇంకా చూడలేదు కదండీ ఫాదర్," అన్నాను.

"టైము కలిసొస్తుందని ఆఫీసు వాళ్ళే టైపు చేయించారమ్మా. మనం వెళ్ళి చూసి సంతకం పెట్టడమే."

అప్పుడు నేను లేచి వాదించానని రాయాలని ఉంది. వాదించలేదు. నడుము నొప్పిగా ఉంది, ఇంటికి వెళ్ళాలని ఉంది, మా బడికి అదనపు గదులు ఇచ్చేది కూడా ఆ ఆఫీసే. పెన్ను పనిచేస్తుందో లేదో చూసుకుని సంచిలో పెట్టుకున్నాను.

బల్మూరు: అందరికీ క్లాసులు

తొమ్మిదీ నలభైకి బల్మూరు చేరాం. గేటు దగ్గర ఎవరూ లేరు. పిల్లలు పూలతో ఎక్కడో సిద్ధమవుతున్నారేమోనని ఫాదర్ రెండు నిమిషాలు జీపులోనే కూర్చున్నారు. ఎవరూ రాలేదు. లోపలి నుంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ సిస్టర్ రెజీనా బయటికి వచ్చారు. అరవై దగ్గరి మనిషి, మానవపాడు వైపు సేద్యగాళ్ళ ఇంటి పిల్ల. తెల్లచీర కొంగుకు సుద్ద అంటుకుని ఉంది.

"వచ్చిండ్రా? కూసోండ్రి. నాకు క్లాసు ఉన్నది. అది అయినంక మాట్లాడుకుందాం," అని వెనక్కి వెళ్ళిపోయారు.

ఫాదర్ మొదటి గడిలో సున్నా వేశారు. కిటికీలోంచి చూస్తే తొమ్మిది, పది తరగతులు ఒకే గదిలో ఉన్నాయి, పది మధ్యలో, తొమ్మిది గోడ వారగా. "రెండు తరగతులు కలిపేశారు. రాసుకోండమ్మా," అన్నారు. రాసుకున్నాను. సున్నాలు వేయడం నాకు బాగా అలవాటు.

ఈలోగా సిస్టర్ మళ్ళీ వచ్చారు. "మీరు లెక్కల మ్యాడమట గదా?"

"అవునండి సిస్టర్, ఒకప్పుడు…"

"ఒకప్పుడేంది? లెక్కలేమన్న మారినయా? మాకు లెక్కల టీచర్ లేక పరేషాన్ ఉన్నది, నాకు వచ్చినంత నేనే జెప్తున్న. పదోదానికి ఒక్క పీరియడ్ జెప్పుండ్రి. ఫాదర్, మీరు ఏడోదానికి ఇంగ్లీషు జెప్పుండ్రి. సార్, మీదేం సబ్జెక్టు? సోషలా? ఎనిమిదోదానికి పోండ్రి. ఖాళీగ కూసుంటే మీకు గూడ పొద్దు పోదు."

ముగ్గురు నాయకులం తలొక గదిలోకి వెళ్ళాం.

త్రికోణమితి. ఒక టవరును కొంత దూరం నుంచి చూస్తే కోణం ముప్పై డిగ్రీలు, నలభై మీటర్లు దగ్గరికి నడిచి చూస్తే అరవై, టవరు ఎత్తెంత? ఈ లెక్క నేను నిద్రలో కూడా చెప్పేదాన్ని. సుద్దముక్క తీసుకుని, పిల్లల వైపు చిరునవ్వు నవ్వి, బొమ్మ గీసి, గబగబా చేసుకుంటూ పోయాను. చివర ఎత్తు మైనస్‌లో వచ్చింది.

టవరు భూమిలోకి దిగిపోయింది. చెరిపి మళ్ళీ చేశాను, మళ్ళీ దిగింది. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. ఆరేళ్ళుగా నేను తరగతిలో పాఠం చెప్పలేదు, చెప్పేవాళ్ళకు మార్కులు వేశాను.

గోడ వార నుంచి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచింది. పేరు మంజుల. "మ్యాడం, ముప్పై, అరవై అటుదిటు పెట్టిండ్రు."

"ఎలా తెలుసమ్మా? ఇది నీ పాఠం కాదు కదా?"

"రోజు వింటుంట గదా మ్యాడం. మా నాయిన తేనె తీయబోతే నేను ఎంబడి పోత. పట్టు దూరం ఉంటే జరంత తల ఎత్తి సూస్తం. చెట్టు దగ్గర పోయినకొద్ది మెడ పైకి ఎత్తాలె. దగ్గర ఉన్నప్పుడే అరవై ఉండాలె."

వచ్చి బోర్డు మీద మార్చి చేసింది. ఇరవై రూట్ మూడు. టవరు లేచి నిలబడింది. నేను వెళ్ళి ఆమె ఖాళీ చేసిన చోట కూర్చున్నాను.

మధ్యాహ్నం మంజుల వాళ్ళమ్మ లింగమ్మ వచ్చింది. అడవి అంచు గూడెంలో ఉంటారు, అడవి పనులు చేసుకుంటారు. ఎవరో పెద్దవాళ్ళు వచ్చారని తెలిసి ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చింది. మా ముగ్గురిలో పెద్ద ఎవరో తెలియక ముగ్గురికీ వినపడేలా చెప్పింది.

"పది ఈడ ఉంటదా, ఉండదా? పట్నం అయితే పిల్లను పంప. పెద్దదాన్ని గట్లనే హాస్టల్ల ఏసినం. మంచిగనే సూసిండ్రు, అద్దం అసుమంటి గది ఇచ్చిండ్రు. వారం దినాలల్ల వాపసొచ్చింది. మల్ల బడి మొకం జూడలే. ఇది సుత గట్లనే అయితది."

నిన్న నాకు నచ్చిన పలకలు, కుళాయిలు, నంబర్లు గుర్తొచ్చాయి. ఫాదర్ కళ్ళజోడు తుడుచుకున్నారు.

భోజనం జొన్న రొట్టె, పుంటికూర పప్పు. మా గోంగూరే ఇది. గోంగూర మా వాళ్ళ సొంతమని ఇన్నాళ్ళూ నమ్మినందుకు కాస్త బాధ కలిగింది గానీ రెండోసారి వడ్డించుకున్నాను. తింటుండగా సిస్టర్ మామూలుగా అన్నారు: "పోయినేడు పదిల ఐదుగురు తప్పినరు. కూసోబెట్టి మల్ల రాయిపిచ్చిన. నలుగురు పాసైండ్రు. ఒగడు పత్తికి పోతుండు, పట్టుకొస్త. మీ తాన ఎంతమంది తప్పుతరు సార్?"

బాలశౌరి మాస్టారు నూటికి నూరు అంటారని నేను రొట్టె మీద దృష్టి పెట్టాను. ఆయన చేతిలోని ముక్క పళ్ళెంలో పెట్టేశారు.

"తప్పేటట్టున్న పిల్లలకు తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపేస్తామండి," అన్నారు చివరికి. "అందుకని ఎవరూ తప్పరు."

"మేమూ అంతే," అన్నాను.

"ఏడో తరగతిలో నేను లక్ష్యం గురించి అరగంట మాట్లాడాను," అన్నారు ఫాదర్ జోజప్ప. "ఒక కుర్రాడు చెయ్యెత్తి, సార్, పాఠం ఎప్పుడు షురూ చేస్తరు అని అడిగాడు."

సిస్టర్ రెజీనా మాత్రమే నవ్వారు. తరువాత మేమూ నవ్వాం. మూడు రోజుల శిక్షణలో హెడ్మాస్టర్లు ఒకరితో ఒకరు నిజం మాట్లాడుకున్నది అప్పుడే.

లేచేటప్పుడు పత్రం గురించి ఆవిడే ఎత్తారు. "అండ్ల ఏమున్నదో నాకు ఎరికే. మీరు సూసింది రాయుండ్రి. సూడనిది రాయకుండ్రి. గంతే."

జీపు బానెట్ మీద పత్రం పరిచి, అచ్చయిన చివరి పేరా కొట్టేశాను. పక్కన చేత్తో రాశాను: "పదో తరగతి ఇక్కడే ఉండాలి. నేను పద్దెనిమిదేళ్ళు లెక్కలు చెప్పిన హెడ్మిస్ట్రెస్‌ని. ఈరోజు ఈ బడిలో పదో తరగతి లెక్క తప్పు చేశాను. తొమ్మిదో తరగతి పిల్ల నిలబడి ఇరవై రూట్ మూడు అని సరిచేసింది. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చున్నందువల్లే ఆమెకు అది వచ్చు."

"ఇది పీఠాధిపతి గారి దాకా పోతుందమ్మా," అన్నారు ఫాదర్. "మీ పరువు పోతుంది."

"తెలుసండి ఫాదర్." సంతకం చేసి పెన్ను పక్కకు అందించాను.

దాని కింద బాలశౌరి మాస్టారు తమ నూటికి నూరు ఎలా వస్తుందో రెండు వాక్యాలలో రాసి సంతకం చేశారు. ఫాదర్ పత్రాన్ని అచ్చంపేట దాకా ఒళ్ళోనే పెట్టుకున్నారు. అచ్చంపేటలో టీ కోసం ఆగినప్పుడు మొదటి గడిలోని సున్నా కొట్టేసి, సంతకం పెట్టి, టీకి డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. ఆ మూడు రోజుల్లో బాలశౌరి మాస్టారు మెలకువగా ప్రయాణం చేసింది కూడా ఆ ఒక్క సాయంత్రమే.

ఇంటికి వచ్చాక

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఫోను. పత్రం చాలా బాగుందన్నారు. ఒక్క వాక్యం మాత్రం, నేను లెక్క తప్పు చేశానన్నది, తీసేసి పంపమన్నారు. హెడ్మిస్ట్రెస్ హోదాకు బాగుండదట. మిగతాది వాళ్ళే చూసుకుంటారట.

ఆ వాక్యం తీస్తే బోర్డు దగ్గర నిలబడిన పిల్ల కూడా పోతుంది. తీయనన్నాను. చాలా ధైర్యంగా అన్నాను గానీ, మర్నాటికల్లా సంగతి హెడ్మాస్టర్ల వాట్సాప్ గుంపులో పడింది. నలుగురు నమస్కారం బొమ్మలు పెట్టారు, ఇద్దరు ఇరవై రూట్ మూడు అని పెట్టారు. రెండు రోజులు భోజనం సహించలేదు.

జనవరిలో సిస్టర్ రెజీనా ఫోను చేశారు. పలకరింపు లేదు.

"మ్యాడం, జూన్‌ల పది ఈడనే ఉంటది. ఒక్క ఏడాది సూస్తమన్నరు. లెక్కల టీచర్‌ను మాత్రం ఇయ్యలేమన్నరు. పది ఉండాలని రాసింది మీరే గదా? ఎండాకాలం సెలవులల్ల నెల రోజులు వచ్చి జెప్పుండ్రి. మంజులకు జెప్పిన, మీరు వస్తరని."

నన్ను అడగకుండానే చెప్పేశారు. వస్తానన్నాను.

అందుకని ఇప్పుడు రోజూ రెండో పీరియడ్‌లో మా బడి పదో తరగతికి వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చుంటున్నాను. లెక్కలు చెప్పే హేమకు ఇది రెండో ఏడు ఉద్యోగం. నేను వెళ్ళిన మొదటి రోజు ఆ పిల్ల చేతిలో సుద్దముక్క మూడుసార్లు విరిగింది. తనిఖీ కాదమ్మా, నేర్చుకోవడానికి వస్తున్నానని చెప్పాను. పది రోజులైంది, ఇంకా నమ్మడం లేదు.